వెనక్కి నెడితే ముందుకు

ఆ శనివారం పొద్దున ఓరెస్ట్ పావ్లిచుక్ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. కారు బానెట్ ఎత్తడం, డీజిల్ పంపు టైమింగు సరిచెయ్యడం, బానెట్ దించడం. పదింటికి కో-ఆప్ దుకాణంలో మిత్రులతో కాఫీ తాగడం కూడా ఉంది గానీ, బ్రాన్‌మోర్‌లో దాన్ని పని అనరు. ఊపిరి పీల్చడం లాంటిదే అది కూడా.

ఓరెస్ట్ ముప్పై ఏళ్లు ఊరి ధాన్యం గోదాము నడిపి రిటైరైన మనిషి. గుప్పెడు గోధుమలు చేతిలోకి తీసుకుని తేమ ఎంతుందో చెప్పగలడు. ఇంజన్ల దగ్గర మాత్రం ఆ చెయ్యి అంత తిరగలేదు. తిరగలేదని ఆయనకు ఇంకా తెలియదు, అదీ చిక్కు. పోయిన వారం కారు బెల్టు తనే మార్చాడు. అప్పటినుంచి చలికి కారు ఒక పట్టాన స్టార్టు కావడం లేదు. స్టార్టయినా తెల్లటి పొగ కక్కుతూ, అద్దాలన్నీ గడగడలాడేలా వణుకుతోంది.

భార్య నెట్టీ కోటు గుండీలు పెట్టుకుంటూ పెరట్లోకి వచ్చింది.

"ఏమయ్యా, రేపటికి ఇది నడుస్తుందా, నడవదా? నడవదంటే ఇప్పుడే చెప్పు, మా అన్నయ్య ట్రక్కు అడుగుతాను."

"నడవకేం. అరగంట పని."

"బెల్టు కూడా అరగంట పనే అన్నావు. మూడ్రోజులు నేను నడిచి తిరిగాను."

"బెల్టు వేరు, టైమింగు వేరు."

"నాకు రెండూ ఒకటే. రేపు మూడున్నరకల్లా ఆరు గిన్నెల హోలుబ్చి హాలుకు చేరాలి. క్యాబేజీ ఆకులు చుట్టి చుట్టి నా వేళ్లు వంకర్లు పోయాయి. ఐదు గంటలంటే ఐదు గంటలకే వడ్డిస్తానని అందరి ముందూ అన్నాను. నా పరువు తియ్యకు."

పరువు సంగతి ఉత్తి మాట కాదు. ఏటా అక్టోబరు ఆఖరి ఆదివారం కమ్యూనిటీ హాల్లో ఊరందరికీ టర్కీ కోడి భోజనాలు జరుగుతాయి. పందొమ్మిదేళ్లుగా ఆ పెత్తనం ఆగ్నెస్ హాల్వర్సన్‌ది. ఆ పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా చెప్పిన వేళకు వడ్డన మొదలు కాలేదు. నూట ఇరవై మంది పట్టే హాలుకు రెండు వందల నలభై మంది ఒకేసారి వచ్చి పడేవారు. సగం మంది బయట చలిలో వరసకట్టి, లోపల తింటున్నవాళ్లను కిటికీల్లోంచి కోపంగా చూసేవారు. ఈ వసంతంలో ఆగ్నెస్ మోకాలి నొప్పి పేరు చెప్పి తప్పుకుంటూ, "ఇక ఎవరు చేస్తారో, ఎలా చేస్తారో చూస్తా" అంది. నెట్టీ చెయ్యెత్తింది. అప్పటినుంచీ ఊళ్లో ఆడవాళ్లు నెట్టీని పలకరించే తీరే మారిపోయింది. పరీక్షకు వెళ్లే పిల్లను పలకరించినట్టు పలకరిస్తున్నారు.

ఆమె హాలుకు వెళ్లగానే ఓరెస్ట్ పుస్తకం తెరిచి పనిలోకి దిగాడు. పంపు నడుమనున్న బోల్టు తీసి, ఆ రంధ్రంలో బావ వాసిల్ దగ్గర తెచ్చుకున్న కొలత పరికరం బిగించాడు. చిన్న గడియారంలా ఉంటుంది, ఒక ముల్లు, చుట్టూ పది, ఇరవై అంటూ అంకెలు. పుస్తకంలో చెప్పినట్టే ఇంజను తిప్పాడు. ముల్లు ఎనభై దగ్గర ఆగింది. పుస్తకం తొంభై అంటోంది. తేడా ఉందని అర్థమైంది గానీ, ఆ తేడాను ఏం చెయ్యాలో అర్థం కాలేదు. చేతులు తుడుచుకుని వంటింటి గోడకున్న ఫోను దగ్గరికి వెళ్లాడు.

వాసిల్ నెట్టీకి అన్న. పన్నెండు మైళ్ల అవతల వ్యవసాయం. ట్రాక్టర్లన్నీ తనే విప్పి తనే బిగిస్తాడు. పైగా మున్సిపాలిటీ సభ్యుడు, హాలు కమిటీకి అధ్యక్షుడు. ఊళ్లో ఏ మాట నిజమో తేలాలంటే వాసిల్ అన్నాడా లేదా అని అడుగుతారు.

ఇక ఆ ఫోను సంగతి. పంతొమ్మిది వందల ఎనభై మూడు వచ్చినా ఓరెస్ట్ ఉన్న రోడ్డు మీద నాలుగిళ్లకూ కలిపి ఒకటే తీగ. ఎవరు మాట్లాడుతున్నా మిగతా ముగ్గురూ రిసీవరు ఎత్తి వినొచ్చు. ఎత్తినప్పుడు టిక్‌మంటుంది, గొంతు కాస్త సన్నబడుతుంది. నాలుగో ఇంటామెకు చెవుడు కాబట్టి లెక్కలోకి రాదు. బెర్నీస్ ఫ్రీసెన్, ఐనార్ టొలెఫ్సన్ మాత్రం బాగా వింటారు. వినడం తప్పు కాదు. విన్నానని ఒప్పుకోవడం తప్పు. ఆ మర్యాద అందరూ పాటిస్తారు.

"బావా, ముల్లు ఎనభై చూపిస్తోంది. తొంభై కావాలట" అన్నాడు ఓరెస్ట్.

"పొగ?"

"తెల్లగా. కొత్త పోప్ ఎన్నికైతే వదిలే తెల్ల పొగ ఇదేనని చర్చి వాళ్లు అనుకునేలా ఉంది."

టిక్. వాసిల్ గొంతు సన్నబడింది. బెర్నీస్ అయ్యుంటుందని ఓరెస్ట్ అనుకున్నాడు, అనుకుని మర్చిపోయాడు.

"అయితే టైము ఆలస్యంగా ఉంది బావా" అన్నాడు వాసిల్.

"నాకూ అదే అనుమానం. నెట్టీ ఊరుకోదు. రేపటికల్లా సరిగ్గా ఉండాలంటుంది."

"ఉండాలంటే ముందుకు జరపాలి. ఒకటి ముందుకు జరుపు."

"ఒకటి చాలా? పోనీ రెండు జరిపితే?"

"వద్దొద్దు. మరీ ముందుకు జరిపితే కొట్టుకోవడం ఖాయం. ఒకటి చాలు."

టిక్. గొంతు మళ్లీ మామూలైంది. బెర్నీస్ ఎప్పుడూ అంతే, విషయం దొరికాక ఇక ఆగదు.

ఇంజను టకటకమని కొట్టుకోకుండా ఒకటే జరపాలనుకుంటూ ఓరెస్ట్ మళ్లీ పెరట్లోకి వెళ్లి, పంపు బోల్టులు వదులు చేసి, రెండు చేతులతో పట్టి ముందుకు, అంటే రేడియేటరు వైపు ఒక గీత జరిపాడు. మళ్లీ కొలిచాడు. ముల్లు డెబ్బై దగ్గర ఆగింది. పరికరం తిరగేసి చూశాడు. పుస్తకం కూడా తిరగేసి చూశాడు. ఏం తోచక మళ్లీ ఫోను దగ్గరికి వచ్చాడు.

"బావా, ఒకటి ముందుకు జరిపాను. డెబ్బై అయింది."

"ఎటు జరిపావు?"

"ముందుకు. రేడియేటరు వైపు."

"ఓరి నీ! నేను ముందుకన్నది టైమును. పంపును కాదు."

"పంపు జరపకుండా టైము ఎలా జరుగుతుంది?"

"పంపునే జరపాలి. వెనక్కి."

"ఇందాక ముందుకన్నావు."

"టైము ముందుకు రావాలంటే పంపు వెనక్కి పోవాలయ్యా! ఇంజను పంపుకి వెనకాల ఉందా లేదా? ఇంజను వైపు నెట్టాలి."

ఓరెస్ట్ కళ్లు మూసుకుని ఊహించుకున్నాడు. ముందుది వెనక్కి పోతే, వెనకది ముందుకు వస్తుంది. ఒక్క క్షణం అర్థమైనట్టే అయి జారిపోయింది. అప్పుడే టిక్‌మంది. ఈసారి ఐనార్. అతను రిసీవరు ఎత్తేటప్పుడు దగ్గుతాడు.

"అంటే ముందుకు వద్దు" అన్నాడు ఓరెస్ట్, కనీసం అది ఖాయం చేసుకుందామని.

"వద్దు. వెనక్కి. ఒకటి వెనక్కి."

"ఇన్నేళ్లలో ఈ మాట నాకెవరూ చెప్పలేదు బావా."

"చెప్పకపోతే ఏం? దేశమంతా అలాగే చేస్తోంది. మనకు వేరే పద్ధతంటూ ఉంటుందా? ఇవాళే చేసెయ్, రేపు పొద్దుటికి హాయిగా ఉంటుంది."

టిక్.

ఐనార్ దీన్ని ఎలా అర్థం చేసుకున్నాడో తెలియాలంటే, అది అక్టోబరు ఆఖరి శనివారమని గుర్తుంచుకోవాలి. పగటి వెలుతురు కలిసొచ్చేలా ఎండాకాలంలో ముందుకు తిప్పుకున్న గడియారాలను ఆ రాత్రి దేశంలో దాదాపు అన్ని చోట్లా గంట వెనక్కి తిప్పుకుంటారు. బ్రాన్‌మోర్ ఉన్న సస్కాచెవాన్ రాష్ట్రంలో మాత్రం తిప్పరు. ఎండాకాలం ముందుకూ తిప్పరు, చలికాలం వెనక్కీ తిప్పరు. సూర్యుడికి తన పని తెలుసు, మధ్యలో మనమెందుకని ఇక్కడి రైతుల వాదన. ఆ విషయం మీద పెళ్లి సంబంధాలు తప్పిపోయిన కుటుంబాలున్నాయి. అలాంటిది, మున్సిపాలిటీ సభ్యుడు వాసిల్ నోటివెంట "దేశమంతా అలాగే చేస్తోంది, ఒకటి వెనక్కి, ఇవాళే" అన్న మాట ఐనార్ చెవిన పడింది. ఐనార్ టోపీ పెట్టుకుని కో-ఆప్‌కి బయల్దేరాడు.

ఓరెస్ట్ పెరటి తలుపు దాటేలోగా ఫోను మోగింది. బెర్నీస్. రైలు పట్టాలకు దక్షిణాన, అంటే ఇటువైపు ఉన్న ఇళ్లన్నిటి ఫోను జాబితా ఆమె దగ్గరుంటుంది. చావులూ పుట్టుకలూ, చర్చి పనులూ అన్నీ ఆమె ద్వారానే ఆ ఇళ్లకు చేరతాయి.

"ఓరెస్ట్ గారూ, ఎవరో ఎక్కడో అనుకుంటుంటే విన్నాను. టైము ముందుకు జరిగిందట, నిజమేనా?"

ఓరెస్ట్‌కి గుండె పొంగింది. ఇంజను గురించి ఈ ఊళ్లో తనని అడిగిన మొదటి మనిషి ఈమె.

"టైము ముందుకే బెర్నీస్ గారూ. ఇంకా బిగించలేదు."

"ఒకటేగా?"

"ఒకటే. అంతకు మించితే కొట్టుకోవడమే."

"అమ్మో, అంతదాకా ఎందుకు! మరి నెట్టీకి తెలుసా?"

"తెలియకపోవడమేంటి? ఆవిడ పోరు పడలేకే కదా ఈ తంటా అంతా."

"వాసిల్ గారు ఒప్పుకున్నారా?"

"ఆయన చెప్పిందే."

"అయితే మంచిది. అందరికీ చెప్పేస్తాను" అని ఆమె పెట్టేసింది. తన పంపు సంగతి అందరికీ ఎందుకో ఓరెస్ట్‌కి తెలియలేదు గానీ, వద్దనాలనీ అనిపించలేదు.

పంపు బోల్టుకు కొత్త రాగి వాషరు కావలసి వచ్చి పదింటికి కో-ఆప్‌కి వెళ్లాడు. కాఫీ బల్ల దగ్గర ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఓరెస్ట్, ఐనార్ తప్ప అందరూ పట్టాలకు ఉత్తరం వైపు రైతులే. ఐనార్ ఇల్లు ఇటున్నా, చుట్టాలూ చర్చీ అటే. ఓరెస్ట్ లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. కుర్చీ ఒకటి జరిపారు. కాఫీ ఒకరు పోసిపెట్టారు. గోదాము నడిపిన ముప్పై ఏళ్లలో కూడా ఆయనకీ మర్యాద జరగలేదు.

"ఏమోయ్ ఓరెస్ట్, వెనక్కేనట?" అన్నాడు ఐనార్, ఎక్కడో విన్నవాడిలా పైకప్పు చూస్తూ.

"వెనక్కే. నేనూ ముందుకేననుకున్నా. బావ చీవాట్లు పెట్టాడు."

"వాసిల్ అన్నాడంటే ఇక చెప్పేదేముంది. గంటేనా?"

"గంట. అంతకు మించదు. చేతకానివాడైతే రెండు గంటలు."

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చేతకానివాళ్లు గడియారం రెండు గంటలు వెనక్కి తిప్పుతారా అని వాళ్ల సందేహం. ఎవరూ అడగలేదు.

"ఇవాళేనా?"

"ఇవాళే. రేపు లేచేసరికి అంతా సరిగ్గా ఉండాలి."

బల్ల చివరనున్న పాడి రైతు కప్పు ఠపీమని పెట్టాడు. "మరి నా ఆవులకు ఎవరు చెబుతారు? నువ్వొస్తావా?"

ఓరెస్ట్ ఆలోచించాడు. కారు చప్పుడు ఆ దొడ్డిదాకా వెళ్తుందని అనుకోలేదు. "ఆవులకేం ఇబ్బంది? వాటికి మునుపటికన్నా హాయిగానే ఉంటుంది. అదరడం, కొట్టుకోవడం ఉండవు కదా" అన్నాడు సముదాయింపుగా.

ఆ మాటతో బల్ల దగ్గర అందరూ జాలిగా తలలూపారు. రిటైరైతే మనిషి ఇలాగే అవుతాడని వాళ్ల మొహాల్లో ఉంది. ఓరెస్ట్ మాత్రం వాషరు జేబులో వేసుకుని, ఈ ఊళ్లో డీజిల్ ఇంజన్ల మీద ఇంత ఆసక్తి ఉందని ఇన్నాళ్లూ తెలుసుకోలేకపోయానే అనుకుంటూ ఇంటికి నడిచాడు.

ఇందాక జరిపింది కూడా కలిపి పంపు వెనక్కి నెట్టాడు. ముల్లు తొంభై మీద నిలిచింది. బోల్టులు బిగించాడు, గొట్టాలు బిగించాడు. తాళం తిప్పితే కారు ఒక్కసారికే అందుకుంది. వణుకు లేదు, పొగ లేదు. కారు చుట్టూ రెండు సార్లు తిరిగాడు. చూసేవాళ్లెవరూ లేకపోవడం ఒక్కటే లోటు.

సాయంత్రం నెట్టీ ఇంటికొచ్చి బూట్లతోనే కుర్చీలో కూలబడింది. హాల్లో ఫోను లేదు. ఆమెతోపాటు పొద్దుటినుంచీ బంగాళదుంపల తొక్కు తీసిన ఆడవాళ్లు కూడా దక్షిణం వాళ్లే. వాళ్ల ఇళ్లలో బెర్నీస్ ఫోనుకు జవాబిచ్చింది మగాళ్లు. భోజనాలు నాలుగింటికని విని, మన ఆవిడ హాల్లోనే ఉందిగా, ఆవిడకు తెలియదా ఏంటని రిసీవరు పెట్టేసి పేపరు చదువుకున్నారు.

"టైమింగు సరిచేశాను. ఊరంతా దాని గురించే అడిగారు తెలుసా?" అన్నాడు ఓరెస్ట్.

"దేని గురించి?"

"టైమింగు గురించే."

"పిచ్చి ఊరు" అని నెట్టీ కళ్లు మూసుకుంది. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది, కానీ నిద్రపోయింది.

ఆదివారం ఓరెస్ట్ హోలుబ్చి గిన్నెలు ఆరూ కారెక్కించి, మూడున్నరకు హాలు వెనక గుమ్మంలో దించాడు. పొయ్యిల్లో ఒకసారికి ఆరు టర్కీలే పడతాయి. ఆగ్నెస్ హయాంలో పన్నెండూ ఐదింటికే కావాలని తొందరపడి, మొదటివి చల్లారిపోయి, తర్వాతివి ఉడకక అవస్థ పడేవారు. నెట్టీ అలా కాకుండా మొదటి ఆరూ మూడున్నరకే దించి గుడ్డలు కప్పింది. రెండో ఆరూ ఐదింటికి దిగుతాయి. కోసుకోవడానికి బోలెడు వ్యవధి. అంతా కాగితం మీద రాసుకుంది. ఆ కాగితం గోడకు అంటించి ఉంది.

సరిగ్గా నాలుగింటికి హాలు ముందరి తలుపు తెరుచుకుంది. బెర్నీస్ నవ్వుతూ లోపలికి వచ్చింది. ఆమె వెనక దక్షిణం మొత్తం వచ్చింది. నూట ఇరవై మంది కోట్లు తగిలించి, కుర్చీలు లాక్కుని, ఫోర్కులు పట్టుకుని కూర్చున్నారు.

వంటింటి కిటికీలోంచి చూసిన నెట్టీ చేతిలోని గరిటె గిన్నెలోకి జారిపోయింది. "వీళ్లేంటి ఇప్పుడే వచ్చారు?"

ఓరెస్ట్ బయటికి వెళ్లి బెర్నీస్ దగ్గర వంగి అడిగాడు. "భోజనాలు ఐదింటికి కదండీ?"

"హాస్యాలాడకండి. ఒకటి ముందుకు జరిపామని మీరేగా చెప్పారు! వాసిల్ గారి మాటేనని కూడా అన్నారు. అంతకన్నా ముందొస్తే కొట్టుకుంటారని అందరికీ మరీ మరీ చెప్పాను. చూడండి, ఒక్కరైనా నాలుగుకు ముందొచ్చారేమో!"

అప్పుడు తెలిసింది ఓరెస్ట్‌కి, నిన్నంతా ఊరు తన పంపు గురించి అడగలేదని. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. వంటింట్లోకి వెళ్లి, "నాలుగనుకున్నారట" అని మాత్రం అన్నాడు. ఎందుకనుకున్నారో చెప్పే ధైర్యం చాలలేదు.

నెట్టీకి ఆరా తీసే తీరిక లేదు. గుడ్డలు లాగేసి టర్కీలు కొయ్యించింది. దుంపలు ఎవరి చేతిలో ఉన్నవి వాళ్లే మెదిపారు. ఓరెస్ట్‌కి ఏప్రను కట్టి హోలుబ్చి పళ్లెం చేతికిచ్చారు. గ్రేవీ కాస్త పల్చనైనా ఎవరూ ఏమీ అనలేదు. నాలుగూ ముప్పావుకు చివర్లో పెట్టే తీపి పైలు కూడా తినేసి, పిల్లలతో సహా అందరూ ఇళ్లకు బయల్దేరారు.

గోడ గడియారం ఐదు కొట్టింది. హాల్లో మురికి పళ్లేలు తప్ప ఎవరూ లేరు. రెండో విడత ఆరు టర్కీలు బల్లమీదికి దిగాయి, వేడిగా పొగలు కక్కుతూ. ఉత్తరం వైపునుంచి ఒక్క కారు రాలేదు.

వచ్చింది ఆగ్నెస్ ఒక్కతే. ఎవరు ఏం చెప్పినా వినకుండా, టికెట్టు మీద అచ్చేసిన వేళకు వచ్చింది. ఆమెతోపాటు అప్పుడే ట్రక్కు దిగిన వాసిల్. ఆగ్నెస్ హాలంతా కలయజూసింది. "ఐదైంది నెట్టీ. జనమేరీ?" అంది. ఎంత మెల్లగా అందో, అంత గట్టిగా తగిలింది.

నెట్టీ వంటింట్లోకి వెళ్లి దుంపల పెట్టె తిరగేసి దానిమీద కూర్చుంది. "పందొమ్మిదేళ్లు ఆవిడ ఆలస్యంగా పెట్టినా జనం వచ్చారు. నేను వేళకు పెడతానంటే సగం ఊరు రాలేదు. వాళ్లకు నేను నచ్చలేదయ్యా. అంతే." ఏప్రను కొసతో కళ్లు తుడుచుకుంది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో నెట్టీ ఏడవడం ఓరెస్ట్ మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ చావులే.

"నువ్వు నచ్చకపోవడం కాదే. నేనే" అని మొత్తం చెప్పేశాడు. ఎనభై, తొంభై, ముందుకు, వెనక్కి, బెర్నీస్, కో-ఆప్, ఆవులు. చెబుతుంటే తనకే ఎక్కడెక్కడ ఏం జరిగిందో ఒక్కొక్కటిగా తెలిసొచ్చింది. "దక్షిణానికి ముందుకని చెప్పాను. ఉత్తరానికి వెనక్కని చెప్పాను. రెండూ పంపు గురించే."

వెనకే వచ్చి విన్న వాసిల్ తలపట్టుకున్నాడు. "బావా, నీకు ఇంజను గురించి చెప్పడం కన్నా నేనే వచ్చి చేసిపోయినా బాగుండేది."

నెట్టీ అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఓరెస్ట్‌కి. "వెనక్కి అంటే?" అంది చివరికి. "వెనక్కి అంటే వాళ్లు ఎప్పుడొస్తారు?"

ముగ్గురూ వేళ్ల మీద లెక్కపెట్టారు. ముగ్గురికీ మూడు జవాబులొచ్చాయి. వాసిల్ నాలుగన్నాడు, ఓరెస్ట్ రేపన్నాడు. నెట్టీ ఆరేమో అనుకుంటూ లేచి మొహం కడుక్కుంది. టర్కీల మీద గుడ్డలు కప్పించి, పళ్లేలు కడిగించి, బల్లలు మళ్లీ సర్దించింది. వస్తే వేడిగా తింటారు, రాకపోతే రేపు ఓరెస్ట్ ఒక్కడే తింటాడంది.

గోడ గడియారంలో సరిగ్గా ఆరుకు తలుపు తెరుచుకుంది. ముందు ఐనార్, వెనక ఉత్తరం మొత్తం. పొద్దున చర్చికి కూడా గంట ఆలస్యంగానే వెళ్లారట. పాస్టరు కూడా అటువాడే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. బయట వరస లేదు, లోపల ఖాళీ బల్లలు, కడిగిన పళ్లేలు. కూర్చున్న నిమిషానికే పళ్లెంలో వేడి టర్కీ, చిక్కబడిన గ్రేవీ.

ఐనార్ చేతి గడియారం చూసుకున్నాడు. అతని కళ్లు చెమర్చాయి. "ఐదు. సరిగ్గా ఐదు! ఇరవై ఏళ్లుగా ఈ భోజనాలకు వస్తున్నా. ఐదన్నాక ఐదుకే పెట్టింది ఇవాళే. నెట్టీ, నువ్వు మనిషివి కాదమ్మా!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆగ్నెస్ ఒక్కతే గోడ గడియారం వైపు చూసి, చెయ్యెత్తి ఏదో అనబోయింది. ఐనార్ ఆమె చూపు వెంబడే చూశాడు.

"అరెరే, హాలు గడియారం మార్చడం మర్చిపోయారు" అని కుర్చీ ఎక్కి, ముల్లు గంట వెనక్కి తిప్పేశాడు. ఇప్పుడది కూడా ఐదే చూపించింది. ఆగ్నెస్ చెయ్యి దించేసి, ఓ పళ్లెం తీసుకుని కూర్చుంది.

ఆ రాత్రికల్లా ఊళ్లో ఒకటే మాట. ఊరిని రెండు పంక్తులుగా విడగొట్టి, నాలుగింటికి ఇటువాళ్లకూ తర్వాత అటువాళ్లకూ వేడివేడిగా పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందోగానీ అద్భుతమని. నెట్టీ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఓరెస్ట్‌తో కూడా మూడు రోజులు ఏమీ చెప్పలేదు. ఉత్తరం గడియారాలు బుధవారానికి గానీ దారికి రాలేదు. ఈలోగా స్కూలు బస్సు రెండు సార్లు ఖాళీగా తిరిగింది. పాడి రైతు మాత్రం ఆవులు మొదటినుంచీ తన మాట వినలేదని, అందుకే తనకేమీ నష్టం కాలేదని చెప్పుకున్నాడు.

నవంబరులో హాలు కమిటీ కూర్చుంది. వచ్చే ఏడాది కూడా పెత్తనం నెట్టీకే అప్పగించాలని ఆగ్నెస్ స్వయంగా లేచి చెప్పింది. నెట్టీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే బెర్నీస్ లేచి, ఇంత చక్కటి టైమింగు కుదిరింది కాబట్టి ఆ బాధ్యత మాత్రం శాశ్వతంగా ఓరెస్ట్‌కే ఇవ్వాలని తీర్మానం పెట్టింది. ఐనార్ బలపరిచాడు. వ్యతిరేకించేవాళ్లు చేతులెత్తమన్నాడు వాసిల్.

లేచినవి రెండే చేతులు, రెండూ నెట్టీవే.